గొర్ల బాట మీద గోల్ఫు గడ్డి

గడ్డి పెంచడం కూడా ఒక ఉద్యోగమేనా అని మీలో కొందరికి నవ్వు రావచ్చు. మా నాన్నకూ వచ్చింది. వేములపల్లి దగ్గర మా పొలంలో వరి మధ్య మొలిచిన గడ్డి పీకించడానికే ఆయన జీవితం సగం గడిచింది. కొడుకు వ్యవసాయ డిప్లొమా చదివి, విత్తనాల కంపెనీలో ఏళ్ల తరబడి తిరిగి, చివరికి జీతం తీసుకుని గడ్డి పెంచుతానంటే ఆయనకు ఎలా ఉంటుంది? "పీకుడు నేర్పితే పెంచుడు నేర్చినవారా" అన్నాడు.

ఈమధ్య మిర్యాలగూడలో నేను కూర్చునే నర్సరీకి తోటల కోర్సు చదివే పిల్లలు కొందరు వచ్చారు. అందులో ఒకమ్మాయి, "మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద పొరపాటు ఏది సార్?" అని అడిగింది. మామిడి అంట్ల గురించి ఏదో చెప్పి పంపేశాను. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను.

రెండువేల ఎనిమిదిలో ఆ ఉద్యోగంలో చేరాను. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో బస్సు దిగి, మట్టిరోడ్డున నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే, రెండు గుట్టల నడుమ ఉండేది ఆ కాలనీ. రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడకపోవడమే దాని గొప్పతనమని అమ్మేవాళ్లు చెప్పేవారు. మధ్యలో తొమ్మిది గుంతల గోల్ఫు మైదానం, చుట్టూ అరవై ఇళ్లు. ఒక్కో గుంత చుట్టూ అరచేయిలా నున్నగా కత్తిరించిన గడ్డి ఉంటుంది. దాన్ని గ్రీన్ అంటారు. ఆ తొమ్మిది గ్రీన్లూ, వాటి మధ్య పచ్చికా నా బాధ్యత.

అరవై ఇళ్లలో సాయంత్రమైతే దీపం వెలిగేవి నాలుగే. మిగతావాళ్లంతా హైదరాబాదులో ఉండేవారు. ఆదివారం వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. పక్క ఊరి నుంచి వచ్చే కూలీలు పొద్దున ఆరింటికి వచ్చి రెండింటికి వెళ్లిపోయేవారు. ఆ తర్వాత నేనూ, గేటు దగ్గర కాపలావాళ్లూ. నా భార్య మిర్యాలగూడలో ప్రభుత్వ దవాఖానలో నర్సు. ఆమె ఉద్యోగం ఆమెది. పదిహేను రోజులకొకసారి నేనే ఇంటికి పోయేవాణ్ణి. తాళాలు వేసిన ఇళ్ల ముందు గడ్డికి నీళ్లు పెడుతుంటే, పెళ్లివారు రాని పందిట్లో కళ్లాపి చల్లుతున్నట్టుండేది. మాట్లాడటానికి మనిషి లేక, రెండు మూడుసార్లు నాలో నేను పైకే మాట్లాడుకుంటూ దొరికిపోయాను. కాపలాదారు మొహం పక్కకు తిప్పుకున్నాడు, పాపం.

గొర్రెల కాపరి నాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. అరవై దాటిన మనిషి. ఎనభై గొర్రెలను తోలుకుని రోజూ పదకొండింటికి కాలనీ పక్కనున్న రాళ్ల బీడు మీదుగా ఆవలి కుంటకు నీళ్లకు పోయేవాడు. మొదటిరోజు కంచె అవతల నిలబడి నన్ను చాలాసేపు చూశాడు.

"ఎవ్వలదయ్యా ఈ గడ్డి?"

"కాలనీది."

"మేపుతరా?"

"మేపరు."

"మరి కోసి అమ్ముతరా?"

"లేదు. కోసి పారేస్తరు."

ఆయన కర్ర మీద గడ్డం ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. "పెంచి, కోసి, పారేస్తరా! నిన్ను సూస్తే సదువుకున్నోని లెక్కనే ఉన్నవ్."

ఆ నవ్వు నాకు అంటుకుంది. చాలా నెలల తర్వాత నవ్వాను. ఆ తర్వాత రోజూ పదకొండింటికి ఫ్లాస్కులో టీ పోసుకుని బీడులో తుమ్మచెట్టు దగ్గరికి పోవడం అలవాటైంది. ఆయన జొన్నరొట్టె సగం విరిచి ఇచ్చేవాడు. మా ఊళ్లో గొల్లవాళ్లను వరసపెట్టి పిలిచే అలవాటు కొద్దీ నేను "మామా" అన్నాను. ఆయన వెంటనే "అట్లయితే నువ్వు నాకు అల్లుడివి. పిల్లను ఇయ్యకుండనే అల్లుడొచ్చిండు" అన్నాడు. పురుగుమందు కొట్టే రోజు ఉంటే ముందురోజే ఆయనకు చెప్పేవాణ్ణి: "మామా, రేపు కంచె దిక్కు రానీయకు." ఆయన దూరంగా మళ్లించుకుపోయేవాడు. మందు కొట్టినచోట ఎర్రజెండాలు పాతడం మా నియమం. ఆయనకు మాత్రం జెండాల అవసరం రాలేదు. నా మాటే చాలేది.

రెండేళ్లకు కాలనీ పెంచాలని నిర్ణయమైంది. ఇంకో తొమ్మిది గుంతలు, మరో నూట ఇరవై ఇళ్లు. ఉన్నవాటిలో మనుషులు లేరు, ఇంకా ఎందుకని మీరు అడగవచ్చు. నేనూ మా మేనేజర్‌ను అడిగాను. ఆయన కోదాడ మనిషి, మర్యాదస్తుడు, ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి నాకు తప్పకుండా పంపేవాడు. "ఇళ్లు ఉండడానికి కొంటారనుకుంటున్నారా మీరు? ఉంచుకోడానికి కొంటారండీ" అన్నాడు.

పెంచడానికి తీసుకున్నది ఆ రాళ్ల బీడే. రాళ్లు పేల్చి, ఎర్రమట్టి తోలి, చదును చేసి, కొత్త గడ్డి నాటించాను. చుట్టూ గోడ లేచింది. ఒక్కచోట మాత్రం ఇరవై అడుగుల సందు మిగిలింది. అది గొర్రెలు కుంటకు పోయే బాట. తాతల కాలం నుంచి ఉన్న బాట మూస్తే ఊరుకోమని ఊరివాళ్లు పంచాయతీ పెట్టారు. బాట మధ్యనుంచి పోతే గోల్ఫు ఎలా ఆడతారని కాలనీ కట్టే కంపెనీ అన్నది. ఎటూ తేలలేదు. గొర్రెలు మాత్రం రోజూ ఆ సందులోంచి వచ్చి, నా కొత్త గడ్డిని పక్కనుంచి అందినంత కొరుక్కుంటూ, కుంటకు పోయేవి.

అప్పుడే మేనేజర్ నన్ను పిలిచాడు. "బాట సంగతి తేలేదాకా మీరు ఆ పెద్దాయనతో కూర్చోకండి. మనవాడే అటువైపు మాట్లాడుతున్నాడని పైవాళ్లకు రిపోర్టు పోయింది."

నేను సరేనన్నాను. బాట అంచున మిగిలిన తుమ్మచెట్టు వైపు పదిరోజులు పోలేదు. పదకొండయ్యేసరికి ఆయన అక్కడ నిలబడి మా షెడ్డు వైపు చూడటం కిటికీలోంచి కనబడేది. కాసేపు చూసి వెళ్లిపోయేవాడు.

కొత్త భాగం చూపించడానికి కొనేవాళ్లను హైదరాబాదు నుంచి తీసుకువచ్చే రోజు పెట్టారు. దానికి వారం ముందు కొత్త గడ్డిలో అక్కడక్కడా గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. వేరుపురుగు. గడ్డిని పట్టి లాగితే చాప లేచినట్టు లేచి వచ్చేది. మందు గుళికలు తెప్పించాను. అవి రావడం ఆలస్యమై సరిగ్గా ఆ రోజు పొద్దున్నే చల్లించాల్సి వచ్చింది. గుళికలు చల్లాక వెంటనే నీళ్లు పెట్టాలి. పెడితే మందు కరిగి వేళ్లలోకి దిగుతుంది. పెట్టకపోతే గింజల్లా గడ్డి మొదళ్లలో పైనే ఉంటుంది. ఏడింటికల్లా చల్లడం అయిపోయింది. తొమ్మిదింటికి కరెంటు వస్తుంది, నీళ్లు వదలవచ్చనుకున్నాను. రాలేదు. జనరేటరు కొనేవాళ్లు కూర్చునే క్లబ్బుహౌసులో చల్లటి గాలి కోసం నడుస్తోంది, దాన్ని అడగడానికి లేదు.

జెండాలు స్టోరురూములో ఉన్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉంది. గొర్రెలు పదకొండింటికి గదా వచ్చేది, పదిన్నరకు జెండాలు పాతించి, సందు దగ్గర ఒక మనిషిని నిలబెడదామనుకున్నాను. ఇంతలో క్లబ్బుహౌసుకు రమ్మని కబురొచ్చింది.

అక్కడ యాభైమంది ఉన్నారు. మేనేజర్ నన్ను చూపించి, "ఈ పచ్చదనమంతా వీరి చేతి చలవేనండీ" అన్నాడు. ఒకాయన చేయి కలిపాడు. ఒక పెద్దామె, బాల్కనీ కుండీల్లో గడ్డి బతుకుతుందా అని అడిగింది. ఇంకొకాయన ఏ రకం గడ్డి, ఎన్నిరోజులకు కోస్తారు, ఎండాకాలం ఎలా అని వరసగా అడిగాడు. నేను చెబుతూ పోయాను. ఏం దాచుకోను? ఆ పదిరోజులుగా నాతో ఎవరూ పని చెప్పడానికి తప్ప నోరు విప్పలేదు. చుట్టూ మనుషులు నిలబడి నా మాట వింటుంటే నాకు దాహం తీరుతున్నట్టుగా ఉంది. వాళ్లు అడగనివి కూడా చెప్పాను. గోడ మీద గడియారం ఉంది. నేను చూడలేదు.

ఒక కూలీ మనిషి పరుగున వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రావడానికి భయపడుతూ చేత్తో పిలిచింది. బయటికి వచ్చాను.

"సారూ, గొర్లు పడిపోతున్నయ్."

నేను పోయేసరికి కొత్త పచ్చికలో పది పదిహేను గొర్రెలు పక్కకు ఒరిగి కాళ్లు కొట్టుకుంటున్నాయి. నోళ్ల నుంచి చొంగ కారుతోంది. మిగతావి వణుకుతూ నిలబడ్డాయి. ఆయన ఒక గొర్రె తలను ఒళ్లో పెట్టుకుని నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి, "అల్లుడా, ఏమైంది వీటికి? జర సూడు, ఏమైంది?" అన్నాడు. నామీద అనుమానం రాలేదు ఆయనకు. సాయానికి వచ్చాననుకున్నాడు.

పశువుల డాక్టరుకు నేనే ఫోన్ చేశాను. ఆయన బండి మీద వచ్చి దిగీ దిగకముందే, "ఏం మందు? దాచకుండా చెప్పండి" అన్నాడు. మందు పేరు చెప్పాను. ఆయన సూదుల మీద సూదులు వేసుకుంటూ పోయాడు. సాయంత్రానికి పంతొమ్మిది చచ్చిపోయాయి. మిగతావి బతికాయి. మందు పేరు దాచలేదు కాబట్టి అవి బతికాయని డాక్టరు అన్నాడు. నా నిజాయితీ అంతవరకే సాగింది.

మర్నాడు పొద్దున మేనేజర్ టైపు చేసిన కాగితం నా ముందు పెట్టాడు. మందు చల్లిన చోట హెచ్చరిక జెండాలు పాతాము, మనిషిని కాపలా పెట్టాము, కాపరి నిర్లక్ష్యంగా గొర్రెలను లోపలికి తోలాడు. ఇదీ దాని సారం.

"జెండాలు పాతలేదు సార్" అన్నాను.

"నాకు తెలుసండీ. పాతలేదని రాస్తే ముందు పోయేది మీ ఉద్యోగం, తర్వాత నాది. ఆయనకు గొర్రెలకు పరిహారం ఇప్పిస్తాను, నాది పూచీ. ఈ ఒక్క సంతకం పెట్టండి."

నాకు అప్పుడు నలభైతొమ్మిదేళ్లు. ఆ వయసులో కొత్త ఉద్యోగం ఎవరిస్తారనుకున్నాను. పరిహారం ఎలాగూ వస్తుంది గదా అనుకున్నాను. సంతకం పెట్టాను.

మధ్యాహ్నం సర్పంచి, ఇద్దరు పెద్దమనుషులు, కాపరి క్లబ్బుహౌసుకు వచ్చారు. వాళ్లకు కుర్చీలు వేశారు. ఆయన మాత్రం చెప్పులు బయట విడిచి, లోపల గోడ పక్కన నిలబడ్డాడు. మేనేజర్ కాగితం చదివాడు. సర్పంచి నావైపు తిరిగి, "జెండాలు పెట్టిండ్రా సారూ, నిజం చెప్పు" అన్నాడు.

"పెట్టినం" అన్నాను.

కాపరి నన్ను చూశాడు. కోపంగా కాదు. దూరంగా పోయే మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు చూశాడు. తర్వాత నెమ్మదిగా, "సారు పెట్టినం అంటున్నడంటే పెట్టిండ్రేమో. నా కండ్లకే ఆనలేదేమో" అని బయటికి పోయి చెప్పులు వేసుకున్నాడు.

పరిహారం ఇచ్చారు. ఆ మాట మేనేజర్ నిలబెట్టుకున్నాడు. కానీ తప్పు కాపరిదేనని నేను చెప్పడంతో ఊరివాళ్ల నోటికి తాళం పడింది. మందులు చల్లేచోట బాట ఉంటే ప్రాణాలకే ప్రమాదమని చెప్పి, నాలుగురోజుల్లో ఆ ఇరవై అడుగుల సందూ కట్టేశారు. నేను సంతకం పెట్టింది పంతొమ్మిది గొర్రెల మీదనుకున్నాను. ఊరి బాట మీదని గోడ పూర్తయ్యాక తెలిసింది.

ఇంటికి ఫోన్ చేసి నా భార్యకు చెప్పాను. "మందు పేరు చెప్పినోనివి, జెండాలు పెట్టలేదని చెప్పలేకపోతివా?" అన్నది. డ్యూటీకి వేళైందని పెట్టేసింది.

తర్వాతి నాలుగు నెలల గురించి రాయడానికి ఏమీ లేదు, అదే దాని బాధ. గడ్డి బాగా పెరిగింది. కూలీలు ఆరింటికి వచ్చి, చెప్పిన పని చేసి, రెండింటికి పోయారు. అంతకుముందు నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లు. ఇప్పుడు నేను పోతే మాటలు ఆపేవాళ్లు. మేనేజర్ పచ్చడి పంపడం మానలేదు. నేనే తినలేకపోయాను. కాపరి గొర్రెలను గుట్ట చుట్టూ తిప్పి, పెద్దరోడ్డు పక్కనుంచి కుంటకు తోలుకుపోతున్నాడని కాపలాదారు చెప్పాడు. లారీలు పోయే రోడ్డు. ఒకరోజు రెండు గొర్రెలు లారీ కింద పడి చచ్చాయట.

గడ్డికోత యంత్రానికి బెల్టు కోసం సూర్యాపేటకు వెళ్లినరోజు ఆయన కనబడ్డాడు. సంతలో మిగిలిన గొర్రెలను అమ్మేసి, చేతిలో ఒట్టి కర్రతో టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్నాను. ఆయన జరగలేదు, లేవలేదు.

"మామా, ఆనాడు జెండాలు పెట్టలే. తాళం నా జేబులనే ఉండె. అబద్ధమాడిన."

ఆయన టీ తాగడం పూర్తిచేశాడు. గ్లాసు బెంచీ మీద పెట్టాడు.

"ఈ ముచ్చట నాకెందుకు చెప్తున్నవ్ సారూ? గాడ జెండా ఉందో లేదో నాకు తెల్వదా? నాకు తెలిసిందే నాకు చెప్తే ఏమొస్తది? తెల్వనోళ్లకు చెప్పు."

లేచి, కర్ర తీసుకుని, బస్టాండు వైపు నడిచాడు.

ఆ నెలలోనే గ్రామసభ వచ్చింది. బాటను పంచాయతీ లెక్కల్లోంచి తీసేయడానికి ఒప్పుకోవాలని కంపెనీ అర్జీ పెట్టింది. బడి వరండాలో పెట్టారు సభ. మేనేజర్ జీపులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు. అడిగితే గొర్రెల సంగతి చెప్పడానికి. దారిపొడుగునా ఆయన తన కూతురి చదువు గురించి చెబుతున్నాడు. నేను ఊఁ కొడుతున్నాను. ఆయనకు ముందే చెప్పాలని నాలుగైదుసార్లు నోరు తెరిచాను. చెబితే ఎక్కడ నచ్చజెబుతాడోనని, ఎక్కడ నేను ఒప్పుకుంటానోనని మళ్లీ మూసుకున్నాను.

వందమంది దాకా ఉన్నారు. జనంలో కాపరి కోసం వెతికాను. లేడు. గొర్రెలు లేకపోయాక ఊళ్లో పనేముందని, సూర్యాపేటలో కూతురి దగ్గరికి పోయాడని ఎవరో చెప్పారు. ఆయన ముందు చెప్పాలని ఎన్నిరోజులుగానో మాటలు కూడగట్టుకున్నాను. ఆయన లేకుండానే చెప్పాల్సి వచ్చింది.

నా వంతు వచ్చింది. నిలబడ్డాను.

"ఆ రోజు మేం జెండాలు పెట్టలే. మనిషిని పెట్టలే. మందు మీద నీళ్లు పెట్టలే. గొర్రెలు వచ్చింది వాటి బాటనే. తప్పు ఆయనది కాదు, నాది. సంతకం పెట్టింది నేనే, అది అబద్ధం."

చప్పట్లేమీ పడలేదు. సర్పంచి కలం పట్టుకుని నన్నే చూశాడు. "ఇదే మాట ఆనాడు చెప్పుంటే ఆయన గొర్లు అమ్ముకునేటోడా సారూ?" అన్నాడు. నేను చెప్పింది కార్యదర్శి పుస్తకంలో రాసుకున్నాడు, నేను సంతకం పెట్టాను. బాట తీసేయడానికి సభ ఒప్పుకోలేదు. గోడకు గేటు పెట్టి, గొర్రెలు పోయే వేళకు తెరిచి ఉంచాలని తీర్మానం చేశారు.

బయట జీపు దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. కోప్పడతాడనుకున్నాను. "ఒక్క మాట ముందు నాతో అనుంటే నేను ఆపేవాణ్ణి కదండీ" అన్నాడు.

"అందుకే చెప్పలేదు సార్."

తల ఊపి, జీపెక్కి వెళ్లిపోయాడు. ఊరివాళ్లు గుంపులు గుంపులుగా నా పక్కనుంచే పోయారు. వాళ్లలో ఒక్కరూ నన్ను తిట్టలేదు, ఒక్కరూ ఆగలేదు. కాలనీ మనిషిని కాకుండా పోయాను, ఊరి మనిషిని అసలే కాదు. రోడ్డుదాకా నడిచి, సూర్యాపేట బస్సెక్కి, అక్కడ మిర్యాలగూడ బస్సు మారాను. నా పెట్టె వారం తర్వాత కాపలాదారు తెచ్చి ఇచ్చాడు.

గేటు పెట్టడానికి ఏడాది పట్టిందని విన్నాను. రెండువేల పదమూడులో ఒకసారి కోదాడ పోతూ మధ్యలో దిగి చూసివచ్చాను. ఇనుప గేటు, తెరిచే ఉంది. నేనున్నంతసేపట్లో ఒక మంద అటు పోయింది. కొత్త ఇళ్లు సగం కట్టి ఆగి ఉన్నాయి.

ఆ సాయంత్రమే సూర్యాపేటలో అడుగుతూ అడుగుతూ ఆయన కూతురి ఇల్లు పట్టుకున్నాను. ఆత్మకూరు పోయే దారిలో, చిన్న రేకుల ఇల్లు. మంచం మీద కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టడానికి కాస్త సేపు పట్టింది.

"సభల చెప్పిన మామా. అందరి ముందర" అన్నాను.

"ఇన్న."

"గేటు పెట్టిండ్రు. ఇయ్యాల ఒక మంద పోతుంటే సూసిన."

ఆయన మొహంలో ఏదో కదిలింది. "ఎవ్వల మంద?"

"తెల్వది. అడగలే."

"అడగాల్సుండె" అన్నాడు. ఇంకా ఏదో అంటాడని ఎదురుచూశాను. లోపలికి తిరిగి, "బిడ్డా, సారుకు ఇంత బువ్వ పెట్టు. బస్సుకు పోవాలె" అన్నాడు.

ఆమె అన్నం, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టింది. ఆయన మంచం అటు చివర కూర్చుని, నేను తిన్నంతసేపూ బయట రోడ్డు మీద పోయే ఆటోలను చూస్తూ ఉన్నాడు. మళ్లీ వడ్డించమని ఒకసారి కూతురికి చేత్తో సైగ చేశాడు. నేను తిని, చేయి కడుక్కుని, పోయొస్తానన్నాను. "మంచిది" అన్నాడు.